టెక్ సందేహాలు: పాత గిటార్ నెక్ వంగింది, సరిచేయవచ్చా?

ప్రశ్న: మా బాబాయి 1970లలో చెన్నైలో లైట్ మ్యూజిక్ బృందాల్లో వాయించిన జపాన్ ఎలక్ట్రిక్ గిటార్ ఈమధ్య నా చేతికి వచ్చింది. తీగలు బిగించి ఉన్నట్టే ఏళ్ల తరబడి పెట్టెలో ఉండిపోయింది. ఇప్పుడు 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు అడ్డపట్టీ) దగ్గర తీగలు బాగా ఎత్తుగా ఉన్నాయి, నొక్కితే వేళ్లు నొప్పి పుడుతున్నాయి. తల భాగంలో చిన్న మూత తీస్తే ఒక నట్ కనిపిస్తోంది. వీడియోల్లో చూపించినట్టు దాన్ని బిగిస్తే సరిపోతుందా? (మారతహళ్లి, బెంగళూరు)

జవాబు: సరిపోయే అవకాశం ఉంది. అయితే దాన్ని ముట్టుకునే ముందు, మీ గిటార్‌కు వచ్చిన జబ్బు నెక్ (మెడ) వంపేనా అన్నది తేల్చుకోవాలి. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) ఎత్తుగా ఉన్నా, నెక్ బాడీతో కలిసే చోట కోణం మారినా, తల దగ్గర తీగలు ఆనే పట్టీలో గాళ్లు లోతు చాలకపోయినా తీగలు ఇలాగే ఎత్తుగా కనిపిస్తాయి. మీరు చూసిన నట్ ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీకి చెందినది. అది నెక్ వంపును మాత్రమే సరిచేస్తుంది, తీగల ఎత్తును సర్దడానికి పెట్టినది కాదు. ఈ తేడా చెప్పకుండా వదిలేసే వీడియోలే ఎక్కువ, పాత గిటార్లు పాడయ్యేదీ అక్కడే.

వంపును కొలవడానికి తీగనే కొలబద్దగా వాడుకోవచ్చు. గిటార్‌ను పూర్తి శ్రుతిలో ఉంచి, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే పట్టుకోండి. ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి కొలిస్తే నెక్ బరువు వల్ల లెక్క కొద్దిగా మారుతుంది. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్) బిగించి, లావు తీగను నెక్ బాడీతో కలిసే చోటి ఫ్రెట్ మీద వేలితో నొక్కండి. లాగిన తీగ నిటారుగా ఉంటుంది కాబట్టి, 7 లేదా 8వ ఫ్రెట్ దగ్గర ఆ ఫ్రెట్ పైభాగానికీ తీగ అడుగుకూ మధ్య కనిపించే సందే మీ నెక్ వంపు. ఈ సందు సుమారు 0.25 మిల్లీమీటర్లు ఉంటే నెక్ ఆరోగ్యంగా ఉన్నట్టే; తీగ కంపించడానికి ఆ కొద్దిపాటి వంపు అవసరం కూడా. బైకు మెకానిక్కులు ట్యాపెట్ సందు చూడటానికి వాడే ఫిల్లర్ గేజ్ ఈ పనికి చక్కగా సరిపోతుంది, జె.సి. రోడ్డులో స్పేర్ పార్టుల దుకాణాల్లో అడిగి చూడండి. అదీ లేకపోతే ‘10’ నంబరు సెట్‌లోని మొదటి తీగ ముక్క ఒకటి తీసుకోండి. దాని మందం 0.010 అంగుళం, అంటే దాదాపు 0.25 మిల్లీమీటర్లే. ఆ ముక్క సందులో తీగను కదపకుండా ఒరుసుకుంటూ దూరితే లెక్క సరిగ్గా ఉన్నట్టు. ఏ మాత్రం తగలకుండా, పైన ఇంకా ఖాళీ కనిపిస్తూ దూరిపోతే నెక్ ముందుకు, అంటే తీగల వైపుకు వంగినట్టు. అసలు సందే లేకపోతే నెక్ వెనక్కి వంగి ఉండవచ్చు.

ఇదే కొలత సన్న తీగ వైపు కూడా తీసుకోండి. రెండు వైపులా సందు బాగా తేడాగా ఉంటే నెక్ మెలి తిరిగిందని అర్థం. మెలిని ఏ రాడ్డూ సరిచేయలేదు.

మీ వర్ణనను బట్టి ఇది ముందుకు వంగిన నెక్ అనే నా అంచనా. ‘10’ నంబరు తీగల సెట్ పూర్తి శ్రుతిలో నెక్ మీద మొత్తం సుమారు 46 కిలోల బలంతో లాగుతుంది. దశాబ్దాల పాటు ఆ లాగుడును మోసిన చెక్క లొంగిపోవడంలో వింతేమీ లేదు. ఈ లాగుడుకు ఎదురు నిలవడానికే కడ్డీని నెక్ లోపల పెడతారు. గిబ్సన్ అనే అమెరికన్ గిటార్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ ఈ ఏర్పాటుకు 1923లో పేటెంట్ పొందారు. అయినా అందరూ వెంటనే దాన్ని స్వీకరించలేదు: ఫెండర్ 1950లో తొలి ఎస్క్వైర్ గిటార్లను రాడ్ లేకుండానే తయారుచేసి, నెక్‌లు నిలవడం లేదని తెలిశాక అదే ఏడాది పద్ధతి మార్చుకుంది, మార్టిన్ అయితే తన గిటార్లకు 1985 దాకా సర్దుబాటు చేసుకునే రాడ్ పెట్టలేదు. కనుక పాత గిటార్ చేతికి వచ్చినప్పుడు లోపల రాడ్ ఉందో లేదో చూసుకోవడం మొదటి పని. మీకు నట్ కనిపించింది కాబట్టి ఆ బెంగ లేదు.

చెన్నై సముద్రపు గాలిలో ఏళ్లు గడిపిన చెక్క బెంగళూరు వచ్చింది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందో మీకు తెలిసిందే. చెక్క తేమను పీల్చుకుంటూ వదులుతూ ఆకారం మార్చుకుంటుంది కాబట్టి, గిటార్‌ను శ్రుతి చేసి రెండు వారాలు గదిలో అలాగే ఉంచి, ఆ తరవాత కొలవండి. గిటార్లకు 45 నుంచి 55 శాతం తేమ అనుకూలం. గదిలో పెట్టే చిన్న డిజిటల్ తేమ మీటర్ ఒకటి కొనుక్కుంటే ఊహాగానాలు అక్కర్లేదు.

ఇక బిగించడం. నట్‌కు అచ్చంగా సరిపోయే సాకెట్ లేదా అలెన్ కీ ముందుగా సంపాదించండి. జపాన్ గిటార్లకు సాధారణంగా మిల్లీమీటర్ల కొలత, అమెరికన్ గిటార్లకు అంగుళాల కొలత ఉంటుంది; దగ్గరలో ఉన్న సైజుతో సరిపెట్టుకుంటే నట్ అంచులు అరిగిపోతాయి. ముఖ్యంగా పాత నట్లు చాలావరకు ఇత్తడివి, వాటికి ఉక్కు కీతో పోట్లాడే శక్తి లేదు. తీగలను కాస్త సడలించి, మొదట నట్‌ను వదులు చేసే దిశలోనే కొద్దిగా తిప్పి చూడండి. కదలకపోతే మరచుట్ల మీద తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్క, అది కూడా పుల్ల కొనతో, చెక్కకు తగలకుండా వేసి మర్నాటి దాకా ఆగండి. కదిలిన తరవాత సవ్య దిశలో పావు చుట్టు మాత్రమే బిగించి, మళ్లీ శ్రుతి చేసి, కొలిచి, ఒక రోజు వదిలేయండి. చెక్క వెంటనే పూర్తిగా స్పందించదు. ఈ రోజు చేసిన పని ఫలితం రేపు ఉదయం కూడా కొంత కనిపిస్తుంది.

నట్ బిగుసుకుపోతున్నా వంపు తగ్గకపోతే బలం పెంచకండి. ఇలాంటప్పుడు నిపుణులు పాటించే పద్ధతి వేరు. ఫ్రెట్‌బోర్డ్ రెండు చివర్లా మెత్త వేసిన చెక్క దిమ్మలు పెట్టి, వాటి మీద ఒక గట్టి దూలాన్ని ఆనించి, నెక్ మధ్య భాగాన్ని క్లాంపుతో దూలం వైపు మెల్లగా లాగి, నెక్ ఆ స్థితిలో ఉండగా నట్ బిగిస్తారు. అప్పుడు నెక్‌ను వంచే శ్రమ క్లాంపుది, వంచినదాన్ని నిలబెట్టే పని మాత్రమే రాడ్‌ది. నట్ మరచుట్ల చివరిదాకా వెళ్లి ఆగిపోయిందనిపిస్తే, దాన్ని పూర్తిగా తీసి ఒకటి రెండు వాషర్లు వేస్తే మళ్లీ చోటు దొరుకుతుంది. ఎంత తిప్పినా పట్టు లేకుండా తిరుగుతూనే ఉంటే రాడ్ తెగి ఉండవచ్చు. దానికి ఫ్రెట్‌బోర్డ్ ఊడదీయాలి, కాబట్టి ఇంట్లో చేసే పని కాదు.

రాడ్ వల్ల కానప్పుడు మిగిలే దారులు రెండు. ఒకటి వేడి చికిత్స: నెక్‌ను వేడిచేసి, ఫ్రెట్‌బోర్డ్‌ను అతికించిన జిగురు కాస్త మెత్తబడ్డాక ఎదురు దిశలో బిగించి చల్లారనివ్వడం. ఇది కొన్నిసార్లు నిలుస్తుంది, కొన్నిసార్లు నెలలు తిరగక ముందే వంపు మళ్లీ మొదటికి వస్తుంది. పైగా పాత నైట్రో సెల్యులోజ్ పాలిష్ ఉన్న గిటార్లకు ఆ వేడి మచ్చలు మిగులుస్తుంది, అందుకే నేను దీన్ని సిఫారసు చేయను. రెండోది ఫ్రెట్లు తీసి, ఫ్రెట్‌బోర్డ్‌ను చదును చేసి, కొత్త ఫ్రెట్లు వేయించడం. వీణ మెట్లు మైనంలో కూర్చినవి కనుక మేళం కట్టేవారు వాటిని లేపి మళ్లీ సరిగ్గా అమరుస్తారు. గిటార్ ఫ్రెట్లు చెక్క గాళ్లలోకి దిగగొట్టినవి కావడంతో ఇక్కడ ఖర్చూ, నైపుణ్యమూ ఎక్కువ కావాలి. అయినా వంపు మొండిదైతే నమ్మదగిన మరమ్మతు ఇదే. కొత్త ఫ్రెట్లలో గాళ్లలోకి దిగే కాడ మందాన్ని కొద్దిగా పెంచి, ఆ ఒత్తిడితోనే నెక్‌ను వెనక్కి నెట్టడం కూడా ఇందులో భాగంగా చేయవచ్చు. ఏ మరమ్మతు చేయించినా, తీసిన పాత విడిభాగాలన్నీ అడిగి తీసుకుని పెట్టెలో దాచండి, పాత గిటార్ విలువలో వాటికీ వాటా ఉంటుంది.

ప్రశ్న: నా దగ్గర ఉన్న పాత ఫెండర్ తరహా గిటార్‌కు తల దగ్గర ఏ నట్టూ లేదు. సన్న తీగలు వేశాక మొదటి ఐదారు ఫ్రెట్లలో గరగర శబ్దం వస్తోంది. (వేళచ్చేరి, చెన్నై)

జవాబు: పాత ఫెండర్ నమూనాలో నట్ నెక్ అడుగున, బాడీలోకి దిగే చివర ఉంటుంది. 1971 నుంచి ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్ మోడల్ గిటార్లు కొన్నింటిలో అది తల వైపుకు వచ్చింది కానీ మీది అంతకు ముందు పద్ధతిలా ఉంది. తీగలు వదులు చేసి, వెనక నాలుగు మరలు విప్పి నెక్‌ను బయటికి తీస్తేనే దాన్ని తిప్పగలరు. తీసేటప్పుడు ఆ జాగాలో పల్చటి అట్ట లేదా రేకు ముక్క కనిపిస్తే పారేయకండి, అది నెక్ కోణం కోసం కావాలని పెట్టినది.

ముందు ఫ్రెట్లలోనే శబ్దం వస్తుంటే నెక్ వెనక్కి వంగి ఉండే అవకాశం ఎక్కువ. మీ రాడ్ ఒక వైపే పనిచేసే పాత రకం కాబట్టి నట్ వదులు చేయడం వరకే సాధ్యం, ముందుకు నెట్టే బలం దానికి లేదు. ఆ నెట్టే బలం తీగలదే. ‘9’ నంబరు సెట్ సుమారు 38 కిలోలు, ‘10’ సెట్ 46 కిలోలు, ‘11’ సెట్ దాదాపు 53 కిలోలు లాగుతాయి. 1960లకు ముందు గిటార్లకు మందపాటి తీగలే వాడేవారు. నట్ వదులు చేశాక కూడా నెక్ వెనక్కే ఉంటే ‘11’ సెట్ వేసి వారం ఆగి చూడండి. పైసా మరమ్మతు లేకుండా సమస్య తీరిపోవచ్చు.

ప్రశ్న: ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఓపెన్ తీగలన్నీ సరిగ్గా ఉన్నాయని చూపిస్తుంది, 12వ ఫ్రెట్ దగ్గర మాత్రం శ్రుతి పెరిగినట్టు చూపిస్తుంది. యాప్ మార్చాలా? (జయనగర్, బెంగళూరు)

జవాబు: యాప్ నిజమే చెబుతోంది. తీగ ఎత్తుగా ఉన్నప్పుడు ఫ్రెట్ దాకా నొక్కడానికి దాన్ని అదనంగా సాగదీస్తారు, సాగిన మేరకు శ్రుతి పెరుగుతుంది. ముందు నెక్ వంపు, తరవాత తీగల ఎత్తు, చివరికి బ్రిడ్జ్ మీద శాడిళ్లు (ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కలు), ఈ వరుసలోనే సరిచేయండి. వరుస తప్పి శాడిళ్లతో మొదలుపెడితే నెక్ సరిచేసిన మర్నాడు ఆ పనంతా మళ్లీ చేయవలసి వస్తుంది. చివరి దశకు వచ్చాక పాత తీగలు తీసి కొత్తవి వేసి, ఆ తరవాతే యాప్ తెరవండి. తుప్పు పట్టిన తీగ ఏ శాడిల్ స్థానంలోనూ సరైన శ్రుతి ఇవ్వదు.