బొంత అంటే చిన్నతనమా?

సందేహం: మేము అమెరికాలో, ఒహాయోలో ఉంటాం. పాత సామాన్ల అంగడిలో 1930లనాటి పిండిసంచుల పూలగుడ్డ దొరికింది. దానితో, ఆ కాలపు 'డబుల్ వెడ్డింగ్ రింగ్' నమూనాలోనే, మా ఆడపడుచు కూతురి పెళ్లికి ఒక క్విల్ట్ చేశాను. ఫోన్లో మా అత్తగారితో "పాత గుడ్డలతో బొంత నేశాను" అన్నాను. "పెళ్లికి ఎవరైనా బొంత పెడతారా, అదీ పాత గుడ్డలతోనా?" అని ఆవిడ నొచ్చుకున్నారు. క్విల్ట్‌ను బొంత అనడం తప్పా? వింటేజ్‌కు తెలుగేమిటి? ఇంకోటి, కార్డు మీద సరదాగా 'గంతకు తగ్గ బొంత' అని రాయవచ్చా?

సమాధానం: బొంత అనడం తప్పు కాదమ్మా, నేశాను అనడం తప్పు. మగ్గం మీద పోగులు కలిస్తే నేత. ఉన్న గుడ్డను సూదీ దారంతో కలిపితే కుట్టు. బొంతను కుడతారు. ఈమధ్య పత్రికల్లో కూడా 'బొంతలు నేసే మహిళలు' అని చూస్తున్నాను, కాబట్టి మీ ఒక్కరినే అనడం లేదు.

ఇక అసలు మాట. మా అమ్మమ్మ బొంత కుట్టేరోజు అరుగు మీద పాత నేతచీర పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టేది. దాని మీద చిరిగిన పంచెలు, లుంగీలు, పరికిణీ ముక్కలు పరిచేది. అరచేత్తో తడుముతూ పోయి, పలచగా తగిలినచోట ఇంకో ముక్క వేసేది. పైన మరో చీర కప్పి, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకొచ్చేది. పైనుంచి చూస్తే ఒక్క అతుకు కనబడదు, వరసలు వరసలుగా కుట్లే కనబడతాయి. వేలు పెట్టి రాస్తే దున్నిన చాళ్లలా తగులుతాయి. రెండు గుడ్డల మధ్య మెత్త పెట్టి, అన్ని పొరలూ కలిసేలా కుట్టినది బొంత. క్విల్ట్ అన్నా అంతే. ఆ ఇంగ్లీషు మాట లాటిన్‌లో పరుపు అనే అర్థమున్న 'కుల్కిటా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మన బొంత కూడా కింద వేసుకుంటే పరుపు, పైన కప్పుకుంటే దుప్పటి. ఇంతకంటే దగ్గరి మాట నాకు తోచడం లేదు.

దుప్పటి ఎందుకు కాదని మీరు అడగవచ్చు. హిందీ దుపట్టాకూ దీనికీ చుట్టరికం. రెండు అనే లెక్క మాటలోనే ఉన్నా, ఇప్పుడు మనం దుప్పటి అంటున్నది ఒంటి పొరనే. తెలంగాణలో చెద్దరు అనేదీ అదే. రజాయి అంటే దూది కూరినది. పొరపొరకూ మధ్య కుట్టు నడిచిందంటే మాత్రం బొంతే.

మరి మీ అత్తగారు ఎందుకు నొచ్చుకున్నారు? బొంత అన్న మాటతో కాదు, దానికి పట్టిన పేరుతో. నప్పని పార్టీలన్నీ కలిసి ప్రభుత్వం పెడితే 'అతుకుల బొంత' అంటారు. కథ కుదరని సినిమా కూడా అతుకుల బొంతే. లేనివాళ్ల ఇంటి వస్తువు కాబట్టి తిట్టుకు పనికొచ్చింది. సంస్కృతంలో ఇదే వస్తువు కంథ అయ్యేసరికి గౌరవం వచ్చేసింది. భజగోవిందంలో యోగిని 'రథ్యాచర్పట విరచిత కంథః' అన్నారు. వీధిలో దొరికిన పేలికలతో కుట్టిన బొంత కప్పుకున్నవాడని అర్థం. బెంగాలీలు అదే మాటను కాంథా అని చీరలకెక్కించి, మంచి ధరకు అమ్ముతున్నారు. మనం మాత్రం బొంత అనడానికి మొహమాటపడుతున్నాం.

మీ అమెరికాలోనే, అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు చిరిగిన పనిబట్టలతో, మోకాళ్ల దగ్గర వెలిసిపోయిన ప్యాంట్లతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో తపాలా బిళ్లల మీద కూడా వేశారు. ఈ సంగతి మీ అత్తగారి చెవిన వేసి చూడండి.

ఆవిడ పట్టుకున్న రెండో మాట 'పాత గుడ్డలు'. ఇక్కడ తప్పు మీదే. తెలుగులో పాత గుడ్డలంటే వాడి, నలిగి, స్టీలు సామాన్లవాడికి వేసేవి. కాలాన్ని చెప్పదలిస్తే 'పాతకాలపు' అనాలి. పాతకాలపు గుడ్డ మడత విప్పనిది కూడా కావచ్చు. వింటేజ్‌కు చాలాచోట్ల ఈ మాట సరిపోతుంది. పురాతనం, ప్రాచీనం అంటే మరీ బరువు, గుడ్డను తవ్వకాల్లో తీసినట్టుంటుంది. అన్నిటికంటే శుభ్రమైన దారి కాలం చెప్పేయడమే: '1930లనాటి పిండిసంచి గుడ్డ'. అమెరికా ఆర్థికమాంద్యంలో అలాంటి సంచులు విప్పి ఆడవాళ్లు గౌన్లూ బొంతలూ కుట్టుకునేవారు. అది గమనించిన కంపెనీలు సంచుల మీద పూలు అచ్చు వేయించి, తమ పేరును మాత్రం నీళ్లలో పోయే సిరాతోనో, ఊడివచ్చే కాగితంతోనో పెట్టేవి. ఇంత కథ ఉన్న గుడ్డను 'పాత గుడ్డలు' అంటే అత్తగారు నొచ్చుకోరా మరి!

పాత పద్ధతులకు 'వెనకటి' అనే మంచి మాట ఉంది. వెనకటి తీరు, వెనకటి కుట్టు అనండి. ముక్కలు కలపడాన్ని అతకడం అనండి. చిరుగు మీద వేసేది మాసిక, అది వేరు.

నమూనాల పేర్లను మాత్రం అన్నిటినీ తెలుగు చేయనక్కరలేదు. డబుల్ వెడ్డింగ్ రింగ్‌ను 'జంట ఉంగరాలు' అంటే అందంగానే ఉంది. లాగ్ క్యాబిన్ అలాగే ఉండనివ్వండి, దుంగల ఇల్లు అంటే ఎవరికీ ఏమీ తోచదు. 1880ల్లో అమెరికాలో పట్టు, మఖమలు ముక్కలను ఒక వరసా వాయీ లేకుండా అతికి కుట్టిన క్రేజీ క్విల్ట్‌కు మాత్రం మన దగ్గర సరైన మాట సిద్ధంగా ఉంది. పిచ్చిగీతలు, పిచ్చిమొక్కలు అంటాం. అక్కడ పిచ్చి అంటే మతిపోవడం కాదు, ఒక క్రమం లేకపోవడం. కాబట్టి 'పిచ్చి అతుకుల బొంత' అనండి, నప్పుతుంది.

బొంత అనే మాటలో మందం, లావు అనే ఛాయ కూడా ఉంది. బొంతకాకి, బొంతజెముడు, బొంత అరటి చూడండి. కుట్టింది కాకపోయినా దిట్టంగా ఉంటే చాలు.

ఇక సామెత. గంత అంటే ఎద్దు వీపునో, గాడిద వీపునో బరువు ఎక్కించడానికి వేసే జీను. ఆ జీనుకు తగ్గట్టు దాని కింద మెత్తగా బొంత. ఇదీ గొప్పది కాదు, అదీ గొప్పది కాదు, ఒకదానికొకటి సరిపోయాయని ఎకసెక్కం. పెళ్లిపందిట్లో వెనక వరసలో కూర్చున్నవాళ్లు చెవులు కొరుక్కుంటూ అనే మాట అది. మీరు నెలల తరబడి సూది పట్టి కుట్టిన బొంత మీద, కొత్త పెళ్లికూతురు చదివే కార్డులో అది వద్దు. 'మీ ఇద్దరికీ, 1930లనాటి గుడ్డతో అత్త చేత్తో కుట్టిన జంట ఉంగరాల బొంత' అని రాయండి. బొంత అన్న మాట తీసేయకండి.