హామ్ రేడియో మీద రాయబోతున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

లైసెన్సు తీసుకుని సరదాకి సొంత రేడియో స్టేషన్ నడిపే హామ్‌ల్లో నువ్వూ చేరి, నీకు కాల్ సైన్ (రేడియోలో గుర్తింపు పేరు) వచ్చిందన్న కబురూ, ‘డాబా మీద 40 మీటర్ల డైపోల్’ (7 మెగాహెర్ట్జ్ బ్యాండుకి, రెండు సమానమైన చేతుల వైరు యాంటెన్నా) అన్న నీ మొదటి వ్యాసమూ ఒకేసారి అందాయి. వీయూ3 (నీ కాల్ సైన్ మొదలు) అయినందుకు అభినందనలు. వ్యాసం ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పమన్నావు. మూడో పేజీ నుంచి బాగుంది. మొదటి రెండు పేజీలూ తీసెయ్.

ఆ రెండు పేజీల్లో మార్కోనీ ఉన్నాడు, జగదీశ్ చంద్ర బోస్ ఉన్నాడు, ఇద్దరిలో ఎవరు ముందన్న తగాదా ఉంది. తర్వాత టైటానిక్ మునిగింది. ఆపైన హామ్ రేడియో హాబీల్లో రారాజు అయింది. కొత్తగా కలం పట్టిన హామ్‌లు చాలామంది ఈ దారినే నడుస్తారు, నిన్నొక్కణ్ణే అని లాభం లేదు. కానీ డైపోల్ ఎలా కట్టాలో తెలుసుకుందామని వచ్చినవాడు టైటానిక్ దగ్గరే లేచి వెళ్లిపోతాడు. నీ వ్యాసం అసలు మొదలైంది ‘పిట్టగోడకు పదడుగుల పీవీసీ పైపు కట్టాను’ అన్న వాక్యంతో. దాన్నే మొదటి వాక్యం చెయ్యి.

మన వ్యాసాలు చదివేవాడు చేతిలో కటింగ్ ప్లేయర్ పట్టుకుని చదువుతాడు. ఏ నర్సీపట్నంలోనో నారాయణపేటలోనో ఉంటాడు. సందేహం వస్తే అడగడానికి ఆ ఊళ్లో ఇంకో హామ్ ఉండకపోవచ్చు. నీ కాగితం మీద ఉన్నదే అతనికి దిక్కు. దాన్ని చూసి అతను కట్టగలగాలి, కట్టింది పనిచెయ్యాలి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాదంతా దీనికి వివరణ.

నీ డైపోల్ సంగతే చూద్దాం. ‘సుమారు 66 అడుగుల వైరు తీసుకోవాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. లెక్క సరైనదే. 143ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి 20.14 మీటర్లు, అంటే చెరో వైపూ 10.07. అయితే అది ఒట్టి రాగితీగకు సరిపోయే లెక్క. నువ్వు కట్టింది ఇళ్ల వైరింగ్‌లో వాడే పీవీసీ వైరు. పైన తొడుగు ఉన్న వైరు అదే పొడవులో కాస్త తక్కువ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అవుతుంది. ఎత్తు, పక్కనున్న స్లాబులో ఇనుము కూడా తలా ఒక చెయ్యి వేస్తాయి. నీ మాట నమ్మి 66 అడుగులు కోసి కట్టినవాడికి రెజొనెన్స్ (యాంటెన్నా బాగా పలికే ఫ్రీక్వెన్సీ) ఏ 6.950 దగ్గరో, బ్యాండు బయట కూర్చుంటుంది. అతను ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరగా ఉంటే మంచిది) చూసి రిగ్ (రేడియో సెట్టు) పాడైందేమో అని టెన్షన్ పడతాడు.

అందుకని ఆ తర్వాతి మెట్టు కూడా నువ్వే చెప్పాలి. 6.950 నుంచి 7.100కి తేవాలంటే చెరో వైపూ సుమారు 21 సెంటీమీటర్లు తగ్గాలి. ఒకేసారి కోసెయ్యకుండా, కొసను వెనక్కి మడిచి ఆ వైరుకే బిగించి చుట్టి, మళ్లీ కొలిచి, కుదిరాక కొయ్యాలి. నువ్వూ ఇలాంటిదేదో చేసే ఉంటావు, లేకపోతే నీ యాంటెన్నా పలికేది కాదు. మరి చివరికి నీ వైరు ఎంత పొడవు తేలింది? వ్యాసమంతా రెండుసార్లు వెతికాను, లేదు. పాఠకుడికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే అంకె అదే.

అలాగే ‘ఎస్‌డబ్ల్యూఆర్ చాలా బాగా వచ్చింది’ అన్నావు. ఎంత వచ్చింది? ఎక్కడ వచ్చింది? 7.000, 7.100, 7.200 మూడు చోట్లా కొలిచి రాయి. నానోవీఎన్ఏతో (యాంటెన్నా కొలిచే చిన్న పరికరం) చూశావా, రిగ్‌లో ఉన్న మీటరుతోనా? కోయాక్స్ (రిగ్ నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్) ఎంత పొడవు, ఏ చివర కొలిచావు? పొడవాటి ఆర్‌జీ-58 కోయాక్స్ కింది చివర కొలిస్తే కేబుల్ నష్టం వల్ల రీడింగ్ ఉన్నదానికంటే అందంగా కనిపిస్తుంది. పాత హామ్‌లు ముందు అడిగేది ఇదే.

ఇంకో సంగతి. నీ ఫోటోలో వేపచెట్టు వెనక కరెంటు స్తంభం కనిపిస్తోంది. వ్యాసంలో దాని ఊసే లేదు. యాంటెన్నా తెగినా, కరెంటు తీగ తెగినా ఒకదాని మీద ఒకటి పడనంత దూరం ఉండాలని రాయి. ఆ హెచ్చరికను చివరి పేరాలో ‘జాగ్రత్తలు’ అని పెట్టకు. పాఠకుడు అక్కడికి వచ్చేసరికి తాడు చెట్టు మీద ఉంటుంది. తాడు విసరమని చెప్పే వాక్యానికి ముందు వాక్యం అదే కావాలి.

మంచి నిర్మాణ వ్యాసం ఎంత దూరం వెళుతుందో చూడాలంటే బిట్‌ఎక్స్ అనే రేడియో కథ చూడు. మన హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్, కాల్ సైన్ వీయూ2ఈఎస్ఈ, 14 మెగాహెర్ట్జ్ మీద సుమారు 6 వాట్ల ఎస్ఎస్‌బీ (మాటలు పంపే ఒక పద్ధతి) ట్రాన్స్‌సీవర్ ఒకటి డిజైన్ చేసి, దాన్ని ఎలా కట్టాలో రాసి అందరికీ ఇచ్చేశారు. దేశదేశాల హామ్‌లు దాన్ని కట్టారు, ఇంకా కడుతూనే ఉన్నారు. డిజైన్ గొప్పదే, కాదనను. కానీ నన్నడిగితే దాన్ని అంత దూరం మోసింది ఆ రాత. టొరాయిడ్ కోర్లు (కాయిల్ చుట్టే రింగులు) మన బజార్లో సులువుగా దొరకవు కాబట్టి కుళాయిల్లో వేసే వాషర్ల మీద కాయిల్ చుట్టుకోవచ్చని చూపించారు. కొళాయి వాషర్ దొరకని ఊరు ఉంటుందా? ఏ భాగం దొరక్కపోతే దాని బదులు ఏది వాడాలో తెలియాలంటే, ఆ భాగం అక్కడ ఏం పని చేస్తోందో తెలియాలి. నువ్వు సర్క్యూట్ రాసినప్పుడు విలువలతో పాటు ఆ కారణాన్ని కూడా రాయి. ఫలానా కెపాసిటర్ సరిగ్గా అంతే ఉండాలా, అటూ ఇటూ అయినా నడుస్తుందా అన్నది ఒక్క మాటలో చెబితే కోఠీలో దుకాణాల వెంట తిరిగేవాడికి సగం పూట మిగులుతుంది.

ఇక ఎక్కణ్ణుంచో ఎత్తి రాయడం గురించి. మర్యాద మాట పక్కన పెట్టు, మన విషయంలో అది చట్టానికే అడ్డం వస్తుంది. అమెరికాలో 2 మీటర్ల బ్యాండు మీద అందరూ పిలుచుకునే ఫ్రీక్వెన్సీ 146.520 మెగాహెర్ట్జ్. చాలా ఇంగ్లీషు వ్యాసాల్లో అదే ఉంటుంది. మన దేశంలో హామ్‌ల 2 మీటర్ల బ్యాండు 144 నుంచి 146 దాకానే. ఆ అంకెను కళ్లు మూసుకుని తెలుగులో దించితే, చదివిన కుర్రాడు హ్యాండీ (చేతిలో పట్టే రేడియో) పట్టుకుని బ్యాండు బయట పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కుతాడు. 40 మీటర్లలోనూ అంతే. వాళ్లకు 7.300 దాకా ఉంది, మనకు 7.200తో సరి. ఈమధ్య ఏఐ చేత రాయించిన వ్యాసాలు నా దగ్గరికి వస్తున్నాయి. తెలుగు శుభ్రంగా ఉంటుంది, ఫ్రీక్వెన్సీలు మాత్రం అమెరికావి. నువ్వు రాసే ప్రతి ఫ్రీక్వెన్సీనీ మన నిబంధనలతో సరిచూసుకో. లైసెన్సు, పరీక్ష, ఫీజుల గురించి రాస్తే ఆ సమాచారం ఏ తేదీ నాటిదో పైనే వెయ్యి. లైసెన్సులిచ్చేది టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం, నియమాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి. చవక హ్యాండీల మీద రాస్తే, లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిట్ చెయ్యకూడదన్న మాట ధర కంటే ముందు రావాలి.

కాంటాక్టుల (దూరపు హామ్‌లతో మాట కలిసిన సందర్భాల) గురించి రాయాలని ఉందన్నావు. రాయి. ‘జపాన్ దొరికింది, ఆనందంతో గంతులేశాను’ అంటే చదివేవాడికి ఏమీ మిగలదు. ఏ ఫ్రీక్వెన్సీ, ఏ మోడ్, ఎన్ని వాట్లు, యాంటెన్నా ఎటు చూస్తోంది, అప్పుడు టైమెంత? టైమ్ మన గంటల్లోనూ, యూటీసీలోనూ (ప్రపంచమంతటికీ ఒకటే టైమ్) వెయ్యి. సాయంత్రం ఏడున్నర అంటే యూటీసీ 14:00. ఆ టైమ్‌లోనే ఎంతో సమాచారం ఉంటుంది. పగటి పూట అయానో ఆవరణంలోని డీ పొర 7 మెగాహెర్ట్జ్‌ని బాగా మింగేస్తుంది, అందుకే మధ్యాహ్నం చుట్టుపక్కల రాష్ట్రాలే పలుకుతాయి. పొద్దు వాలాక ఆ పొర చెదిరిపోయి దూరాలు తెరుచుకుంటాయి. నువ్వు పెట్టిన టైమ్ చూసి ఇదంతా పాఠకుడే అల్లుకుంటాడు. రిపోర్టులు కూడా విన్నది విన్నట్టు రాయి. బ్యాండు మీద అందరూ అందరికీ 59 (మాట స్పష్టం, సిగ్నల్ బలం అని) ఇచ్చేసుకుంటారు, పెళ్లిపందిట్లో భోజనం బాగుందన్నట్టు. వ్యాసంలో ఆ మర్యాద అక్కర్లేదు. మాట సగం అందలేదంటే సగం అందలేదనే రాయి. ఎఫ్‌టీ8 (కంప్యూటరే సందేశాలు పంపి అందుకునే పద్ధతి) స్క్రీన్‌షాట్లు పది అంటించి వ్యాసం అనొద్దు.

రాయాల్సిన వాటిలో నాకు ఎక్కువ ఆశ ఉన్నది పెద్దవాళ్ల అనుభవాల మీద. వాళ్ల లాగ్ బుక్కులు అటకల మీద ఉన్నాయి, కొన్ని పాతపేపర్లవాళ్ల చేతికి పోతున్నాయి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్ సైన్‌తో స్టేషన్ నడుపుతోంది. అండమాన్‌తో ఒక్క కాంటాక్టు కోసం ప్రపంచమంతా ఎగబడి పిలుస్తోంది. 26వ తేదీ పొద్దున భూకంపం, వెనకే సునామీ. కాంటాక్టుల కోసం పెట్టిన ఆ రేడియోలే మనుషుల క్షేమ సమాచారాలు మోశాయి. దీని మీద వచ్చిన రాతలు చాలావరకు ‘హామ్‌లు ప్రాణదాతలు’ అని రెండు చేతులూ జోడించి ఆగిపోతాయి. అలాంటి సందర్భాల్లో పనిచేసినవాళ్లెవరైనా నీకు దొరికితే బ్యాటరీ ఎక్కణ్ణుంచి తెచ్చారో అడుగు. మొదటి మెసేజ్ ఎవరిది, అవతల అందుకున్నది ఏ ఊరివాళ్లు, మెసేజ్‌లు కాగితం మీద ఎవరు రాసుకున్నారు? మనది తుపాన్ల తీరం. రేపు పాఠకుడికి పనికొచ్చేవి ఈ జవాబులే.

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ6 కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్‌నీ పైకి తీసుకెళ్లింది. 42.5 కిలోల బుల్లి ఉపగ్రహం, 2014 దాకా హామ్‌లకు పలికింది. చేత్తో యాగీ యాంటెన్నా పట్టుకుని దాని వెంట ఆకాశంలో తిప్పినవాళ్లు మీ జిల్లాలోనే ఉండొచ్చు. వెతుకు. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ‘మీకెలా అనిపించింది’ అని మొదలుపెట్టకు, అందరూ ‘చాలా సంతోషం’ అనే అంటారు. 807 వాల్వు ఎక్కడ దొరికింది, మిలిటరీ డిస్పోజల్ సెట్టు ఎంతకు కొన్నారు అని అడుగు, మాట దానంతటదే వస్తుంది. వాళ్లు చెప్పిన తేదీల్ని లాగ్ బుక్‌తో, క్యూఎస్ఎల్ కార్డులతో (కాంటాక్టు అయిందని హామ్‌లు పంపుకునే కార్డులు) సరిచూసుకో. జ్ఞాపకం ఏళ్లను అటూ ఇటూ చేస్తుంది, కార్డు చెయ్యదు.

చిన్నవి కొన్ని. ఫోటోలో పక్కన రూపాయి బిళ్ల పెడితే కాయిల్ సైజు తెలుస్తుంది. లైసెన్సు కాగితాన్ని ఫోటో తీసి పెట్టావు, తీసెయ్. అందులో నీ ఇంటి అడ్రస్, పుట్టినతేదీ ఉన్నాయి. కాల్ సైన్ చాలు. ఎవరి సర్క్యూట్ వాడుకున్నా వాళ్ల పేరు, కాల్ సైన్ వెయ్యి, నువ్వు మార్చింది ఏమిటో విడిగా చెప్పు. హామ్‌లవి కాని ప్రసారాలు పొరపాటున చెవిన పడితే వాటిలో ఏముందో ఎక్కడా రాయకూడదు. భాష సంగతంటావా, ఆదివారం పొద్దున 40 మీటర్ల మీద మనవాళ్లు మాట్లాడుకునే తెలుగే రాయి. రిగ్‌ని రిగ్ అను, కోయాక్స్‌ని కోయాక్స్ అను, క్రియలు మాత్రం తెలుగులో పడేలా చూసుకో.

తిరగరాశాక నాకు పంపే ముందు మీ కాలేజీలో హామ్ కాని స్నేహితుడెవరికైనా ఇచ్చి, దాన్ని చూసి డైపోల్‌కి కావాల్సిన సామాను చీటీ రాయమను. నిన్ను అడగకుండా చీటీ పూర్తి చెయ్యగలిగితే వ్యాసం అయినట్టే. ఎక్కడ ఆగి నీ మొహం చూశాడో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టు. ఆ చీటీ, మూడు ఎస్‌డబ్ల్యూఆర్ రీడింగులు, వైరు పొడవు, వీటితో కలిపి రెండో ప్రతి పంపు. కరెంటు స్తంభం ఎంత దూరమో మాత్రం ఈలోపే కొలిచి నాకు ఫోన్ చెయ్యి.

73 (శుభాకాంక్షలు),
నీ అన్నయ్య, ఒక వీయూ2