రన్‌వే మీదే గిర్రున తిరిగిపోతున్న కబ్

ప్రశ్న: నేను, మా అబ్బాయి కలిసి బాల్సా చెక్కతో పైపర్ కబ్ విమానం రేడియో కంట్రోల్ మోడల్ కట్టాం. థ్రాటిల్ ఇవ్వగానే నాలుగు గజాలు పోయి గిర్రున తిరిగి రెక్క నేలకు కొట్టుకుంటోంది. తోక చక్రం తీగను నేరుగా రడ్డర్‌కే (ముక్కును అటూ ఇటూ తిప్పే తోక మీది నిలువు పలకకే) బిగించాను. ఎక్కడ తప్పు?

జవాబు: ఆ బిగింపులోనే. రడ్డర్ 30 డిగ్రీలు కదిలితే చక్రం కూడా అంతే తిరుగుతోంది. నేల మీద చక్రానికి అందులో సగం చాలు. పైగా కబ్‌లో బరువు కేంద్రం పెద్ద చక్రాలకు వెనక ఉంటుంది. ముక్కు కాస్త పక్కకు తిరిగిందంటే, వెనకున్న బరువు ముందుకు రావాలని చూసి ఆ తిరుగుడును ఇంకా పెంచుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

ముందు ప్రొపెల్లర్ తీసి పక్కన పెట్టండి. తర్వాత తీగను రడ్డర్ నుంచి విడదీసి, తోక అడుగున బిగించిన బ్రాకెట్‌లో విడిగా తిరిగేలా అమర్చండి. తీగకు అడ్డంగా ఒక పట్టీ, రడ్డర్ అడుగున ఇంకో పట్టీ పెట్టి, రెంటినీ అటూ ఇటూ సన్నటి స్ప్రింగులతో కలపండి. మధ్య నుంచి కొన దాకా రడ్డర్ పట్టీ 1 సెంటీమీటరు, చక్రం పట్టీ 2 సెంటీమీటర్లు ఉంటే రడ్డర్ 30 డిగ్రీలకు చక్రం దాదాపు 15 డిగ్రీలే తిరుగుతుంది. ఆఫీసు కుర్చీ చక్రాల్లాగా, చక్రం ఇరుసు, తీగ తిరిగే చోటుకు కాస్త వెనక ఉండాలి.

స్ప్రింగుల వల్ల ఇంకో మేలుంది. నా మొదటి మోడల్‌కు నేనూ మీలాగే తీగ బిగించాను. దిగేటప్పుడు గడ్డిలో రాయి తగిలి సర్వోలో (రడ్డర్‌ను కదిలించే చిన్న మోటారులో) ప్లాస్టిక్ పళ్లు రెండు ఊడిపోయాయి. స్ప్రింగులుంటే ఆ దెబ్బను అవే తీసుకుంటాయి. చక్రాన్ని వేలితో నెట్టి వదిలితే మెల్లగా మధ్యకు రావాలి, అంతకు మించి బిగుతు వద్దు. రేడియో స్టిక్ వదిలినా సర్వో జీమని మూలుగుతుంటే స్ప్రింగులు బిగుతైనట్టే.

పెద్ద చక్రాలు కూడా చూడండి. రెండూ సమాంతరంగానో, ముందువైపు రవ్వంత లోపలికో ఉండాలి. బయటికి తిరిగి ఉంటే మీరెంత సరిచేసినా విమానం వినదు.

రేడియోలో రడ్డర్‌కు 30 శాతం ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో స్పందన ఎంత ఉండాలో మార్చే సెట్టింగు) పెట్టండి. స్టిక్ మధ్యలో కదలిక మెత్తబడాలంటే ఫుటాబా కంపెనీ రేడియోలో మైనస్, స్పెక్ట్రమ్ కంపెనీ రేడియోలో ప్లస్ ఇవ్వాలి. ఇది తారుమారైతే మొదటికే మోసం, అందుకే స్క్రీన్ మీద గీత మధ్యలో చదునుగా ఉందో లేదో చూసుకోండి.

ఇక మైదానంలో గాలికి ఎదురుగా నిలబెట్టి, ఎలివేటర్ (తోక మీది అడ్డ పలక) స్టిక్ వెనక్కి లాగి తోకను నేలకు అదిమి ఉంచండి. థ్రాటిల్ మూడు నాలుగు సెకన్లలో మెల్లగా పెంచండి. ముక్కు ఎడమకు లాగుతుంది, కొద్దిగా కుడి రడ్డర్ ఇవ్వండి. వేగం అందుకున్నాకే ఎలివేటర్ వదులు చేయండి. మొదటి రోజు ఎగరేయకుండా నేల మీద నడిపించడమే చేయండి, స్టిక్ మీ అబ్బాయికి కూడా ఇవ్వండి.