యుద్ధ విమానాన్ని ఎయిర్‌ఫీల్డ్‌లోనే చూడాలి

"వచ్చే వేసవిలో ఇంగ్లండ్ వెళ్తున్నాం. మా అబ్బాయికి రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలంటే ప్రాణం. లండన్‌లో మ్యూజియం ఒకటి చూపిస్తే సరిపోతుందా?" అని మీరు అడిగారు.

సరిపోదు. చుట్టూ తాడు కట్టి, లైట్ల కింద నిలబెట్టిన విమానాన్ని చూస్తే దాని పొడుగూ వెడల్పూ తెలుస్తాయి. అది ఏ పని కోసం పుట్టిందో, అందులో ఎక్కినవాళ్లు ఏం పడ్డారో తెలియాలంటే ఇంజన్ తిరగాలి, నేల అదరాలి, పెట్రోలు పొగ ముక్కుకి తగలాలి. నేను లింకన్‌లో ఉంటూ ఇక్కడి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను. లింకన్ చుట్టూ ఉన్న ఈ లింకన్‌షైర్ జిల్లాని ఇప్పటికీ బాంబర్ కౌంటీ అంటారు. ఎటు చూసినా చదునైన నేల, పైగా జర్మనీకి దగ్గరగా తూర్పు తీరం. అందుకే యుద్ధకాలంలో ఈ ఒక్క జిల్లాలోనే యాభైకి దగ్గరగా ఎయిర్‌ఫీల్డ్‌లు ఉండేవి. గుట్ట మీదున్న లింకన్ కెథెడ్రల్ గోపురాలు కనిపిస్తే, రాత్రంతా ఎగిరి తిరిగొచ్చే కుర్రాళ్లకు ఇల్లు చేరినట్టే.

మా బాపు ఆర్టీసీ వరంగల్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. మా దగ్గరికి వచ్చినప్పుడు ముందు అందరిలాగే లండన్ తిప్పాను. ప్యాలెస్ ముందు ఫొటో దిగాడు, నది చూశాడు, నోరు మెదపలేదు. ఆ తర్వాత ఓ శనివారం స్పిల్స్‌బీ దగ్గరున్న ఈస్ట్ కర్క్‌బీకి తీసుకెళ్లాను. అక్కడ 'జస్ట్ జేన్' అనే లాంకాస్టర్ బాంబర్ ఉంది. ఎగరదు గానీ నాలుగు ఇంజన్లూ పనిచేస్తాయి. కొన్ని ఎంచుకున్న రోజుల్లో దాన్ని స్టార్ట్ చేసి ఎయిర్‌ఫీల్డ్ మీద నడుపుతారు. దాన్ని ట్యాక్సీ రన్ అంటారు.

కంచె దగ్గర మేం ముందు వరసలోనే నిలబడ్డాం. నిప్పులు ఆర్పే సిలిండర్ పట్టుకుని ఒకాయన రెక్క కింద నిలబడ్డాడు. మొదటి ప్రొపెల్లర్ కదిలింది. నెమ్మదిగా, బద్ధకంగా ఒక చుట్టు, ఇంకో చుట్టు. తర్వాత ఒక్క దగ్గు దగ్గి తెల్లటి పొగ కక్కింది. పక్కనున్న గొట్టాల్లోంచి మంట నాలుకలు బయటికొచ్చి లోపలికి పోయాయి. అంతే, అందుకుంది. రెండోది, మూడోది, నాలుగోది. నా చొక్కా గుండీలు వణకడం తెలుస్తోంది. బాపు మాత్రం పొగ వైపే చూస్తున్నాడు. కాసేపయ్యాక నా చెవి దగ్గరికి వంగి, "అవుతల దాంట్ల మిస్సింగ్ ఉన్నది రా. ప్లగ్గులు తడిసినయి," అన్నాడు. నిజంగానే ఆ చివరి ఇంజన్ లయ తప్పుతోంది. వేడెక్కేకొద్దీ అదే సర్దుకుంది. బాపు తల ఊపాడు.

ఆ ఇంజన్ పేరు మెర్లిన్. రోల్స్ రాయిస్ వాళ్ల డిజైన్. పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు. ఒక్కో సిలిండర్‌కి రెండు ప్లగ్గులు. నాలుగు ఇంజన్లకీ కలిపి 48 సిలిండర్లు, 96 ప్లగ్గులు. ఈ లెక్క చెప్పగానే మా బాపు, "బస్సుకు ఆరు సిలిండర్లు. అంటే ఎనిమిది బస్సుల ఇంజన్లు ఒక్కసారి స్టార్ట్ చేసినట్టు. సైలెన్సర్ లేకుండ," అన్నాడు. డిపోలో పొద్దున నాలుగింటికి బస్సులు లేపిన మనిషి కదా, ఆయనకు ఆ శబ్దంలో ఏది ఆరోగ్యం, ఏది జబ్బు అన్నది తెలిసిపోతోంది.

రన్ అయ్యాక ఇంజన్ల కింద ట్రేలు పెట్టారు. ఆయిల్ బొట్టు బొట్టుగా కారుతోంది. ఓవరాల్ వేసుకున్న ఒక పెద్దాయన గుడ్డతో తుడుస్తున్నాడు. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది జీతం లేని వాలంటీర్లే. బాపు నన్ను ముందుకు తోసి, "హెడ్డు దించాల్నంటే ఎంతసేపు పడుతదో అడుగు," అన్నాడు. అడిగాను. ఆ పెద్దాయన గుడ్డ పక్కన పెట్టేశాడు. ఇంగ్లండ్‌లో అపరిచితులు ఇంతసేపు మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు. గాస్కెట్, మాగ్నెటో, ప్లగ్ గ్యాప్. ఇవన్నీ మా బాపుకి వచ్చిన మాటలే. విడిభాగాలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయని ఒకరు, మా దగ్గర పాత లేలాండ్ బస్సులకి మేమే చేసుకునేవాళ్లమని ఇంకొకరు. లండన్‌లో నోరు మెదపని మనిషి ఆ రోజు ఇంటికొచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆ విమానం కథ కూడా మీ అబ్బాయికి చెప్పండి. అది 1945 ఏప్రిల్‌లో తయారైంది. యుద్ధంలోకి వెళ్లకుండానే యుద్ధం అయిపోయింది. తర్వాత ఫ్రెంచ్ నౌకాదళం కొనుక్కుంది. పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియాలో తిరిగి తిరిగి, 1965లో మళ్లీ ఇంగ్లండ్ చేరింది. ఈస్ట్ కర్క్‌బీలో కోళ్ల ఫారం నడిపే ఫ్రెడ్, హెరాల్డ్ పాంటన్ అనే అన్నదమ్ములు దాన్ని కొన్నారు. వాళ్ల పెద్దన్న క్రిస్టఫర్ బ్రిటిష్ వైమానిక దళంలో బాంబు దాడులు చేసే విభాగమైన బాంబర్ కమాండ్‌లో ఫ్లైట్ ఇంజనీర్. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ దాడికి వెళ్లి తిరిగిరాలేదు. ఆ ఒక్క రాత్రే తొంభైకి పైగా బాంబర్లు కూలాయి. అన్న పేరు నిలవాలని ఆ తమ్ముళ్లు చేసిన పని ఇది. ప్రభుత్వం చేయలేదు. కోళ్లు పెంచి సంపాదించిన డబ్బుతో పాత ఎయిర్‌ఫీల్డ్‌లో కొంత కొని, కంట్రోల్ టవర్ బాగుచేసి, విమానం తెచ్చి పెట్టారు. ఈ దేశంలో వారసత్వం గురించి పెద్ద పెద్ద ఉపన్యాసాలు విన్నాను గానీ, నాకు ఈ ఇద్దరు రైతులు చేసిందే ఎక్కువ.

వీలైతే లోపలికి ఎక్కండి. బయట అంత పెద్దగా కనిపించేది లోపల ఎంత ఇరుకో! ముందు భాగానికి వెళ్లాలంటే రెక్కల మధ్య అడ్డంగా పోయే దూలం మీదుగా పాక్కుంటూ దాటాలి. తోకలో తుపాకీ పట్టుకుని కూర్చునేవాడు అందరికీ దూరంగా, ఎముకలు కొరికే చలిలో, ఏడెనిమిది గంటలు ఒంటరిగా కూర్చోవాలి. విమానానికి ఏడుగురు. చాలామందికి ఇరవై, ఇరవై రెండేళ్లు. ముప్పై దాడులు పూర్తి చేస్తే ఒక విడత అయినట్టు. బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు లక్షా పాతిక వేల మందిలో 55,573 మంది చనిపోయారు. కింద జర్మన్ నగరాల్లో ఎన్ని వేల మంది సామాన్యులు కాలిపోయారో కూడా మర్చిపోకూడదు, పిల్లాడికి అదీ చెప్పాలి. హాంబర్గ్, డ్రెస్డెన్ పేర్లు చెప్పకుండా లాంకాస్టర్ గురించి చెప్పడం తప్పు.

దాడికి వెళ్లే ముందు వాళ్లకు గుడ్డు, బేకన్ పెట్టేవాళ్లు. రేషన్ రోజుల్లో అది పెద్ద భోగం. తిరిగొచ్చాక మళ్లీ గుడ్డు. ఈ మాట చెబితే మా బాపు, "వచ్చినోళ్లకే కదా," అని ఊరుకున్నాడు.

దగ్గర్లోనే కోనింగ్స్‌బీ వైమానిక స్థావరం ఉంది. ప్రపంచం మొత్తంలో ఎగిరే స్థితిలో ఉన్న లాంకాస్టర్లు రెండే. ఒకటి కెనడాలో, రెండోది ఇక్కడ. స్పిట్‌ఫైర్, హరికేన్ అనే ఫైటర్ విమానాలు కూడా ఉన్నాయి. ఇక్కడ నాకో బాధ ఉంది. ఏ దుకాణంలో చూసినా స్పిట్‌ఫైర్ బొమ్మే, కప్పు మీదా టీషర్టు మీదా అదే. 1940లో జర్మన్ల వైమానిక దాడుల్ని తిప్పికొట్టిన బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో శత్రు విమానాల్ని ఎక్కువగా కూల్చింది హరికేన్. అందం లేదని దాన్ని పక్కన పెట్టేశారు. పని చేసినవాడి కంటే ఫొటోలో బాగున్నవాడికే పేరొస్తుందని మీ అబ్బాయికి ఇప్పుడే తెలిస్తే మంచిది. ఇంకో బాధ, ఎయిర్‌ఫీల్డ్ పక్కన తెలిసి తెలిసి ఇల్లు కొనుక్కుని, తర్వాత శబ్దం ఎక్కువైందని ఫిర్యాదులు రాసేవాళ్లు. మా వీధిలోనే ఉన్నారు.

లింకన్‌కి ఉత్తరంగా ఏ15 రోడ్డు రోమన్ల కాలం నాటిది, గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. స్కాంప్టన్ ఎయిర్‌ఫీల్డ్ దగ్గర మాత్రం ఒక్కసారిగా విల్లులా వంగుతుంది. 1950ల్లో వల్కన్ అనే జెట్ బాంబర్ల కోసం రన్‌వే పొడిగిస్తూ రోడ్డునే పక్కకు జరిపారు. 1943 మేలో జర్మనీ ఆనకట్టల మీద దాడికి 19 లాంకాస్టర్లు బయల్దేరింది కూడా స్కాంప్టన్ నుంచే. వాటిలో ఎనిమిది తిరిగిరాలేదు. లింకన్ పక్కనే ఉన్న వాడింగ్టన్ స్థావరంలో, 1982లో అర్జెంటీనాతో జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధంలో అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవి నుంచి వెళ్లి, ఫాక్లాండ్స్ రాజధాని స్టాన్లీ రన్‌వే మీద బాంబులు వేసొచ్చిన వల్కన్ ఎక్స్‌ఎం607 ఇప్పటికీ ఉంది.

ఇక అసలు నేను చెప్పాలనుకున్నది. మన తెలుగువాళ్లు ఇక్కడికొచ్చి ఇదంతా వేరేవాళ్ల చరిత్ర అన్నట్టు చూసి పోతారు. బ్రిటిష్ వైమానిక దళంలో హైదరాబాద్ పేరుతో మూడు స్క్వాడ్రన్లు, అంటే విమాన దళాలు, ఉండేవి. 110, 152, 253. నిజాం ఇచ్చిన డబ్బుకి గుర్తుగా ఆ పేర్లు పెట్టారు. 1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ ఓడల మీదికి వెళ్లిన బ్లెన్‌హైమ్ బాంబర్లలో 110 హైదరాబాద్ స్క్వాడ్రన్‌వి ఉన్నాయి. సఫోక్‌లోని వాటిషామ్ నుంచి ఎగిరాయి. 253 వాళ్లు లండన్‌కి దక్షిణాన ఉన్న కెన్లీ నుంచి హరికేన్లు నడిపారు. 152 వాళ్లు డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లలో పోర్ట్‌లాండ్ రేవుని కాపాడారు. వాళ్ల బ్యాడ్జి మీద ఉన్నది నిజాం తలపాగా. వార్మ్‌వెల్ ఎయిర్‌ఫీల్డ్ ఇప్పుడు కంకర క్వారీలూ ఇళ్లూ అయిపోయింది. చనిపోయిన కొందరు పైలట్ల సమాధులు ఊరి చర్చి ఆవరణలో ఉన్నాయి.

నిజాం ఇచ్చాడు అంటాం గానీ, ఆ డబ్బు తెలంగాణ, మరాఠ్వాడ రైతులు కట్టిన శిస్తే. మా తాతల తరం వెట్టి చేసిన రోజులవి. ఇంగ్లండ్ ఆకాశాన్ని కాపాడిన రెక్కల్లో మా ఊళ్ల చెమట ఉంది. ఇది మన బడి పుస్తకాల్లో ఒక్క వాక్యమైనా ఎందుకు లేదన్నది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

కాబట్టి లండన్ మ్యూజియం మానేయమని అనను. లండన్ హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వైమానిక దళం) మ్యూజియంలో నూట ముప్పైకి పైగా దాడులు చేసిన లాంకాస్టర్ ఉంది, చూడండి. దానికంటే ముందు డీహెచ్9ఎ అనే, ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలున్న పాత విమానం దగ్గరికి వెళ్లండి. నంబరు ఎఫ్1010. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, నిజాం 110 స్క్వాడ్రన్‌కి ఇచ్చిన వాటిలో ఒకటి, హైదరాబాద్ నంబర్ 12ఎ. ఆ ఏడాది అక్టోబర్‌లో జర్మన్లకు చిక్కి బెర్లిన్ చేరింది, తర్వాతి యుద్ధంలో పోలండ్‌కి వెళ్లింది, 1977లో ఇంగ్లండ్‌కి తిరిగొచ్చింది.

లింకన్‌కి లండన్ కింగ్స్‌క్రాస్ నుంచి రైళ్లున్నాయి. ఈస్ట్ కర్క్‌బీకి మాత్రం బస్సుల్ని నమ్ముకోకుండా కారు తీసుకోండి. ట్యాక్సీ రన్ రోజూ ఉండదు, ఆ తేదీ ముందు ఖాయం చేసుకుని మిగతా టూర్ దాని చుట్టూ వేసుకోండి. లోపల సీట్లు తక్కువ, చాలా ముందే బుక్ అయిపోతాయి. పిల్లాడికి చెవుల్లో పెట్టుకునేవి తీసుకెళ్లండి. స్టార్ట్ చేసేటప్పుడు ఫోన్ జేబులోనే ఉంచమనండి. ఆ వీడియోలు నెట్‌లో బోలెడున్నాయి, ఆ వణుకు మాత్రం వాటిలో రాదు.