ఆ ఊళ్లో అందరూ మంచివాళ్లే

ప్రశ్న: అమెరికన్ రచయిత్రి షర్లీ జాక్సన్ ‘ది లాటరీ’ కథ చదివిన వారానికే ఇంగ్లండ్ రాక్ బృందం రేడియోహెడ్ ‘బర్న్ ది విచ్’ పాట వీడియో చూశాను. రెండింట్లోనూ ఊరు ఊరంతా కలిసి ఒక మనిషిని చంపడానికి సిద్ధమవుతుంది. వీడియోని ఆ కథ నుంచే తీసుకున్నారా? రెండింట్లో మీకు ఏది ఎక్కువ క్రూరంగా అనిపించింది?
– ఒక పాఠకురాలు

జవాబు: కాదండీ, వీడియోకి మూలం వేరే. 2016 మేలో వచ్చిన ఆ వీడియోని క్రిస్ హోప్‌వెల్ బొమ్మలను కొంచెం కొంచెం కదుపుతూ తీశాడు. కథేమో 1973 నాటి బ్రిటిష్ సినిమా ‘ది వికర్ మ్యాన్’ది, బొమ్మల తీరు 1960ల్లో ఇంగ్లండ్ పిల్లలు టీవీలో చూసిన కార్యక్రమాలది. ‘ది లాటరీ’ అమెరికన్ కథ, 1948 జూన్ 26 నాటి న్యూయార్కర్ పత్రిక‌లో అచ్చయింది. కానీ మీకు పోలిక తట్టిందంటే, తట్టాల్సిన చోటే తట్టింది.

వీడియోలో ఊరు చూడ్డానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్‌ని మేయర్ వెంటబెట్టుకుని తిప్పుతాడు. ఒక చోట ఉరికంబానికి పూలు కడుతుంటారు. నేను వీడియో ఆపి మరీ చూసింది అక్కడే. ఎవరి మొహంలోనూ కోపం లేదు. పండగ పని చేస్తున్నట్టే చేస్తున్నారు.

ఇక కథ. నేను పాఠం చెప్పే రోజుల్లో దీన్ని ఏటా క్లాసులో పైకి చదివేదాన్ని. రెండో పేరాలోనే మగపిల్లలు నున్నటి, గుండ్రటి రాళ్లు ఏరి జేబుల్లో నింపుకుంటారు. అక్కడ ఒక్కరూ నన్ను ఆపి, ‘ఎందుకు మేడమ్?’ అని అడగలేదు. పిల్లలు కదా, ఆడుకుంటున్నారనుకున్నారు. మొదటిసారి చదివినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ రాళ్లు లాటరీ కోసం. ఏటా ఆ ఊళ్లో ముందు కుటుంబాల వారీగా చీటీలు తీస్తారు, తర్వాత చుక్క చీటీ వచ్చిన కుటుంబంలో ఒక్కొక్కరూ తీస్తారు, చివరికి చుక్క ఎవరికి వస్తే వాళ్లని ఊరంతా రాళ్లతో కొట్టి చంపుతారు. లాటరీ మొత్తం రెండు గంటల్లోపు అయిపోతుంది, మధ్యాహ్నం భోజనం వేళకి అందరూ ఇంటికి చేరొచ్చు.

ఈసారి ఆ చుక్క వచ్చేది టెస్సీ అనే ఇల్లాలికి. ఆమె ఆలస్యంగా, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వస్తుంది. ఇవాళ ఏ రోజో మర్చేపోయానని పక్కనున్న మిసెస్ డెలాక్రాయ్‌తో అంటే ఇద్దరూ మెల్లగా నవ్వుకుంటారు. చివర్లో, రెండు చేతులూ పెడితే తప్ప లేవనంత పెద్ద రాయిని ఎత్తుకునేది ఆ డెలాక్రాయే. టెస్సీ చిన్న కొడుకు డేవీ చేతిలో ఎవరో నాలుగు గులకరాళ్లు పెడతారు. ఎన్నేళ్లు చదివినా ఆ వాక్యం దగ్గర నా గొంతు పట్టేసేది.

మీ రెండో ప్రశ్నకి నా జవాబు: కథే. వీడియోలో వయొలిన్లు మొదటి క్షణం నుంచే టకటకమని కొడుతుంటాయి, ఏదో జరగబోతోందని మనకి టెన్షన్ మొదలవుతుంది. కథకి ఆ సంగీతం కూడా లేదు, జూన్ నెల ఎండా పూలూ తప్ప. పైగా ఇన్‌స్పెక్టర్ బయటివాడు, ఏ పాపమూ ఎరగడు. చివర్లో అతన్ని ఎక్కించిన పెద్ద కట్టెల బొమ్మకి నిప్పు పెట్టి, ఊరివాళ్లు ఆ మంటకి వీపు తిప్పి మనకి చేతులూపి టాటా చెప్పాక, అతను చెట్ల మధ్య ప్రాణాలతో కనిపిస్తాడు. హమ్మయ్య అనుకుంటాం.

టెస్సీ ఊరి మనిషి. చీటీ తన కుటుంబానికి వచ్చాకే ఇది అన్యాయమని అరుస్తుంది. అంతేకాదు, పెళ్లయి వేరే కుటుంబమైపోయిన కూతుర్నీ అల్లుణ్ణీ కూడా చీటీ తియ్యమనండి అంటుంది. ఇంకో ఇద్దరు కలిస్తే తన మీద పడే అవకాశం తగ్గుతుంది మరి. కన్నతల్లి ఆ మాట అనడం నాకు రాళ్లకన్నా ఎక్కువ భయం వేసింది. చుక్క పెట్టిన చీటీ వేరే ఇంటికి వెళ్లుంటే, టెస్సీ కూడా వంగి రాయి తీసేది. అందుకే ఆమె మీద జాలిపడి ఊరుకోలేం, మనం నిలబడడానికి శుభ్రమైన చోటు ఆ కథలో లేదు.

ప్రశ్న: ఆ కథ అచ్చయినప్పుడు జనం ఏమన్నారు?
– మరో పాఠకుడు

జవాబు: ఆ వేసవిలో జాక్సన్‌కి 300కి పైగా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో మంచి మాట చెప్పినవి 13 మాత్రమేననీ, అవీ ఎక్కువగా స్నేహితులవేననీ ఆమె తర్వాత చెప్పుకుంది. మిగతావాళ్లలో కొందరు తిట్టారు, కొందరు అర్థం కాలేదన్నారు. ఇంకొందరు మాత్రం ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, మేం వెళ్లి చూడొచ్చా అని అడిగారు.