కత్తి–కనికట్టు కథలు కొత్తవి కావాలా? నవల అట్ట వదిలేసి సంకలనం విషయసూచిక చూడండి

మీ ప్రశ్నను కుదించి చెబితే ఇది: చందమామ సీరియళ్ళతో మొదలుపెట్టి, అమెరికా రచయిత రాబర్ట్ ఇ. హోవర్డ్ సృష్టించిన కోనన్ అనే వీరుడి కథల దాకా వచ్చారు, అవి అయిపోయాయి, అదే తరహాలో కత్తి పట్టినవాడు మాయలను ఎదిరించే స్వోర్డ్ అండ్ సోర్సరీ కథలు కొత్తవి ఎలా వెతకాలో తెలియడం లేదు, ఎక్కడ చూసినా వెయ్యి పేజీల నవలల వరసలే ఎదురవుతున్నాయి. నేను వీటిని కత్తి–కనికట్టు కథలంటాను. మా ఇంట్లో ఆ పేరు స్థిరపడిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఇదే వ్యసనం కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. రచయితను వెతకడం మానేసి సంపాదకుడిని వెతకండి.

ఈ సలహాకు కారణం ఆ కథల పుట్టుకలోనే ఉంది. కోనన్ ‘వియర్డ్ టేల్స్’ అనే అమెరికా కథల పత్రిక 1932 డిసెంబరు సంచికలో పుట్టాడు. 1936లో ముప్పై ఏళ్ళకే హోవర్డ్ కన్నుమూసేలోగా ఆ వీరుడి మీద రాసిన పూర్తి నిడివి నవల ఒక్కటే. తక్కినవన్నీ చిన్నవో పెద్దవో కథలే. 1961లో రచయిత మైకేల్ మూర్కాక్ ఈ తరహాకు ఒక పేరు కావాలని అడిగితే, ‘స్వోర్డ్ అండ్ సోర్సరీ’ అనే పేరును సూచించిన రచయిత ఫ్రిట్జ్ లైబర్ కూడా తన ఇద్దరు దొంగమిత్రులను పత్రికల్లో కథలుగానే నడిపినవాడు. దొంగ గోడ ఎక్కాలి, గోపురంలో ఏదో కాచుకొని ఉండాలి, తెల్లవారేలోగా ప్రాణాలతో బయటపడాలి. ఇంతటి కథకు వంశవృక్షమూ దేశపటమూ మూడు సంపుటాలూ దేనికో నాకు ఎప్పటికీ అర్థం కాదు. అరగంటలో ముగియవలసిన భయాన్ని ఆరు వందల పేజీలకు సాగదీయడం చుట్టాలు పెరిగారని పులుసులో నీళ్ళు పోయడం వంటిది.

సంపాదకుడిని వెతకాలన్న సంగతి నాకు తెలిసింది అట్ట లేని ఒక పుస్తకం వల్ల. అది 1994 వానాకాలం. హైదరాబాదులో ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆదివారం అబిడ్స్‌లో మూసి ఉన్న దుకాణాల ముందు, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచేవారు. హాస్టలు మెస్సు బిల్లు పోగా నా దగ్గర మిగిలేది అంతంతమాత్రం కాబట్టి, కొన్నవాటికంటే అక్కడే నిలబడి చదివినవే ఎక్కువ. ఆ రోజు టోఫెల్ గైడ్లకూ పాత కంప్యూటర్ పత్రికలకూ మధ్య ఒక సన్నని పేపర్‌బ్యాక్ కనిపించింది. అట్ట లేదు, పుస్తకం పేరున్న పేజీ లేదు, ముందుమాట చాలావరకు చిరిగిపోయింది. వెన్ను మీది కాగితం ఊడిపోయి, ఎండిన జిగురు గోధుమరంగు పెచ్చులుగా వేళ్ళకు అంటుకుంటోంది. విషయసూచిక మాత్రం చెక్కుచెదరలేదు. ఎనిమిది కథలు, ఎనిమిది పేర్లు. అందులో నేను ఎరిగినవాడు హోవర్డ్ ఒక్కడే, అదీ కామిక్ పుస్తకాల పుణ్యమా అని.

తెలిసినవాడి కథ తరువాత చదవవచ్చునని సి. ఎల్. మూర్ అనే పేరున్న ‘హెల్స్‌గార్డ్’ దగ్గర తెరిచాను. జిరెల్ అనే ఎర్రజుట్టు దొరసాని గుర్రం మీద వచ్చి బురదనేల నడుమ ఉన్న ఒక పాడుబడిన కోటను చూస్తుంది. ఆ కోటకు సూర్యాస్తమయ వేళ తప్ప మరెప్పుడూ దారి దొరకదు. తన భటులను చెరపట్టిన దుర్మార్గుడికి విడుదల మూల్యంగా ఆ కోటలోని ఒక పెట్టెను తెచ్చి ఇవ్వాలి కాబట్టి, ఇష్టం లేకపోయినా వెళ్ళక తప్పదు. గుమ్మం దాటగానే ఆవరణలో కాపలాభటులు బారులు తీరి నిలబడి ఉంటారు, ఒక్కరూ కదలరు. దగ్గరికి వెళ్ళి చూస్తే వాళ్ళు బతికి ఉన్నవాళ్ళు కారు, ఈటెల ఆసరాతో నిలబెట్టిన శవాలు. నేను ఆ పేజీ తిప్పబోతుండగా చినుకు పడింది.

పుస్తకాలాయన ఒక్క ఉదుటున లేచి, రాళ్ళు తొలగించి, నీలం ప్లాస్టిక్ పట్టాను వరస మీదికి లాగాడు. అన్నీ పట్టా కిందికి పోయాయి, నా చేతిలోది తప్ప. ఇస్తారా, తీసుకుంటారా అని అడిగాడు. ధర పన్నెండు రూపాయలు. అట్ట కూడా లేదు కదండీ అని నేను బేరం మొదలుపెడితే, “అట్ట చదువుతావా బాబూ, లోపల చదువుతావా?” అన్నాడు. ఆ మాటకు జవాబు తోచక డబ్బిచ్చి, ఎదుటి దుకాణం చూరు కింద నిలబడి ఆ కథ పూర్తి చేశాను. వాన ఎప్పుడు వెలిసిందో గమనించలేదు కానీ, కోటలో జిరెల్‌కు ఆతిథ్యమిచ్చిన ఆ వింత కుటుంబం అక్కడ దేనికోసం కాచుకొని ఉందో తెలిసిన వాక్యం దగ్గర నా మెడ వెనుక చల్లబడింది వాన వల్ల కాదని మాత్రం చెప్పగలను.

ఆ రాత్రి హాస్టలులో ఆ ఎనిమిది పేర్లనూ అబ్జర్వేషన్ బుక్ చివరి పేజీలో రాసుకున్నాను. లైబర్ కథలో ఇద్దరు మిత్రులు సముద్రం నీళ్ళ మధ్య గాలితో ఏర్పడిన బావి వంటి దారిలోకి దిగుతారు. క్లార్క్ ఆష్టన్ స్మిత్ కథను చెప్పేవాడు ఒక తలారి. అతడు ఎన్నిసార్లు తల నరికి పూడ్చిపెట్టినా ఆ నేరస్థుడు తిరిగి వస్తూనే ఉంటాడు, వచ్చిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా మనిషి రూపు పోగొట్టుకుంటూ. ఆ ఏడాది నుంచి అబిడ్స్‌లో నేను పుస్తకాల పేర్లు అడగలేదు, ఆ పేజీ చూపించి ఈ మనుషులు ఎవరైనా వచ్చారా అని అడిగాను. ఒక్కొక్క పేరు మరొక సంకలనానికి, ఆ సంకలనం మరో పది పేర్లకు దారి తీసింది. సి. ఎల్. మూర్ స్త్రీ అనీ, ఆమె పూర్తి పేరు క్యాథరిన్ అనీ, అదే విషయసూచికలో ఉన్న హెన్రీ కట్నర్ ఆమెను పురుషుడనుకొని అభిమానంతో ఉత్తరం రాశాడనీ, 1940లో ఆమెనే పెళ్ళాడాడనీ చాలాకాలం తరువాత తెలిసింది. నేనూ ఆమెను అన్నేళ్ళూ మగవాడనే అనుకున్నాను కాబట్టి కట్నర్‌ను చూసి నవ్వే హక్కు నాకు లేదు.

ఇక ఆ పుస్తకం పేరు తెలియడానికి దాదాపు పదేళ్ళు పట్టింది. ఇంటర్నెట్ వచ్చాక ఎనిమిది కథల పేర్లూ కలిపి వెతికితే, అది ఎల్. స్ప్రేగ్ డి క్యాంప్ సంపాదకత్వంలో 1963లో వచ్చిన ‘స్వోర్డ్స్ అండ్ సోర్సరీ’ అని తేలింది. ఎనిమిదింటిలో నాకు నచ్చనిది ఒక్కటీ లేకపోవడానికి కారణం నా అదృష్టం కాదు, ఒక మనిషి అభిరుచి. అలాగని డి క్యాంప్‌ను పూజించమని అనడం లేదు. హోవర్డ్ అసంపూర్తిగా వదిలిన కోనన్ రాతలను పూర్తి చేసి, వేరే కథలను కూడా కోనన్ కథలుగా మార్చి, అన్నింటినీ కలగాపులగం చేసినవాడు కూడా ఆయనే. మీరు చదివినవి ఆ పాత సంపుటాలైతే, 2003లో మొదలై మూడు సంపుటాలుగా వచ్చిన డెల్ రే ప్రచురణలో హోవర్డ్ సొంత పాఠం ఉంది. అది మళ్ళీ చదివితే మీకు సగం పుస్తకం కొత్తదే అవుతుంది.

ఈ ప్రశ్నకు ఎవరో ఒకరు తప్పకుండా ‘అపెండిక్స్ ఎన్’ చూడమంటారు. మాయాలోకంలో పాత్రలు ధరించి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను రూపొందించిన వారిలో ఒకరైన గ్యారీ గైగాక్స్, 1979లో ఆ ఆట నియమాల పుస్తకం చివర ఇచ్చిన పఠనసూచిక అది. చూడండి, నష్టం లేదు. అయితే ఆ సూచికలో మూర్ పేరూ లేదు, ఆష్టన్ స్మిత్ పేరూ లేదు. నా అట్ట లేని పుస్తకంలోని ఇద్దరు ఉత్తమ రచయితలను వదిలేసిన జాబితాను వేదంలా వల్లించేవారిని చూస్తే, వాళ్ళు జాబితాను చదివారే గాని పుస్తకాలను చదవలేదేమోనని నాకు అనుమానం.

పేర్ల విషయంలో నాకింత పట్టుదల ఎందుకంటే, మన దగ్గర ఆ పేర్లే ఉండేవి కావు. చందమామలో తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, శిథిలాలయం, యక్షపర్వతం చదివిన నా తరం పిల్లలకు అవన్నీ రాసినది దాసరి సుబ్రహ్మణ్యం అనే ఒకే మనిషి అని తెలియదు. సీరియల్ కింద ఆయన పేరు వేసేవారు కాదు. మేము ఆ కథలను గుర్తుపట్టింది చందమామ చిత్రకారుడు ‘చిత్ర’ గారి బొమ్మలను బట్టే. పేరు తెలిసి ఉంటే ఈయన ఇంకేమి రాశాడని అడిగి ఉండేవాళ్ళం, అడిగి ఉంటే మరో నలుగురు ఆ దారిలో రాసి ఉండేవారేమో. 1954లో తోకచుక్కతో మొదలైన ఆ పన్నెండు సీరియళ్ళ పరంపర 1978లో భల్లూక మాంత్రికుడితో ఆగిపోయిందంటే, అందులో ఆ అజ్ఞాతవాసానికీ కొంత పాలు ఉందని నా గట్టి నమ్మకం.

మీరు అడిగిన కొత్తవాటికి వస్తాను. ఈ శతాబ్దంలో నేను డి క్యాంప్ స్థానంలో పెట్టుకున్న సంపాదకుడు హోవర్డ్ ఆండ్రూ జోన్స్. ఆయన 2025 జనవరిలో మరణించారు. ఆటల ప్రచురణ సంస్థ గుడ్‌మన్ గేమ్స్ వారి ‘టేల్స్ ఫ్రమ్ ద మెజీషియన్స్ స్కల్’ పత్రికను నడిపింది ఆయనే; పాతకాలపు పత్రికల వాలకంతో అచ్చయిన ఆ సంచికల చివర, కథల్లోని పిశాచాలనూ మాయాఖడ్గాలనూ పైన చెప్పినటువంటి ఆటలో వాడుకోవడానికి లెక్కలు కూడా కట్టి ఇచ్చేవారు. ఆటలాడని నేను ఆ లెక్కలు దాటేస్తాను, కథలు దాటేయను. రచయితగా ఆయన హనువార్ అనే సేనానిని సృష్టించారు. చరిత్రలో రోమును ఎదిరించిన కార్తేజ్ సేనాని హానిబల్‌ను మనసులో పెట్టుకొని రాసిన పాత్ర అది: నగరం నేలమట్టమైంది, బతికిన వెయ్యిమంది చిల్లరను బానిసలుగా అమ్మేశారు, వాళ్ళను ఒక్కొక్కరిగా వెతికి విడిపించడమే అతడి పని. 2023లో వచ్చిన మొదటి పుస్తకం ‘లార్డ్ ఆఫ్ ఎ షాటర్డ్ ల్యాండ్’ పేరుకు నవలే గాని, ప్రతి అధ్యాయమూ దేనికదే ఒక కథ. చందమామలో ఇద్దరు మిత్రులు కలిసి దారినపడే కథలు మీకు ఇష్టమైతే, అబ్బాసీ ఖలీఫాల నాటి బాగ్దాదులో దబీర్ అనే పండితుడూ అసీమ్ అనే సైనికుడూ తిరిగే 2011 నాటి ‘ద డెజర్ట్ ఆఫ్ సోల్స్’ ముందు చదవండి.

సంపాదకుడిని పట్టుకుంటే దారి వెనక్కి కూడా తెరుచుకుంటుంది. జోన్స్ తాను అభిమానించిన పాత రచయిత హారొల్డ్ లాంబ్ కొసాక్కు కథలను, అంటే రష్యా వైపు మైదానాల గుర్రపు యోధుల కథలను వెతికి, సంపుటాలుగా కూర్చారు. అవి 1917 నుంచి ‘అడ్వెంచర్’ అనే పత్రికలో వచ్చినవి. ముసలి కొసాక్కు ఖ్లిట్ మంగోలుల గడ్డ దాటి మొగలుల హిందుస్థానం దాకా వస్తాడు. కనికట్టు లేకపోయినా, కోనన్‌ను సృష్టించిన హోవర్డ్ తన కత్తిని ఎక్కడ పదును పెట్టుకున్నాడో అక్కడ కనిపిస్తుంది. అదే పద్ధతిలో ఇమారో అనే ఆఫ్రికా వీరుడిని 1981లో పుస్తకరూపంలోకి తెచ్చిన చార్ల్స్ సాండర్స్ దగ్గర మొదలుపెడితే, ఆయన మిల్టన్ డేవిస్‌తో కలిసి 2011లో కూర్చిన ‘గ్రియోట్స్’ సంకలనం దొరుకుతుంది. ఆ విషయసూచిక మీకు మరొక ఖండాన్ని చూపుతుంది.

డబ్బు విషయం కూడా చెప్పాలి. అమెరికా నుంచి అచ్చు ప్రతి తెప్పించుకుంటే పుస్తకం ధరకంటే తపాలా ఖర్చు ఎక్కువవుతోంది. ఒకసారి నేను పేరున్న ఒక ఆన్‌లైన్ దుకాణంలో పాత సంకలనం ఒకటి కొంటే, నలభై రోజులు వేచిచూసిన తరువాత అదే పేరున్న వంటల పుస్తకం వచ్చింది. కాబట్టి ముందు ఉచితంగా దొరికేవి చదవండి. ‘హీరోయిక్ ఫాంటసీ క్వార్టర్లీ’ 2009 నుంచీ, ‘బినీత్ సీస్‌లెస్ స్కైస్’ 2008 నుంచీ కథలను నెట్‌లోనే ఉచితంగా పెడుతూ వచ్చాయి. రెండోది కొంచెం సాహిత్య ఘాటు ఎక్కువగా ఉంటుంది, మొదటిది నేరుగా కత్తి దూస్తుంది. 2022లో ఆలివర్ బ్రాకెన్‌బరీ సంపాదకత్వంలో మొదలైన ‘న్యూ ఎడ్జ్ స్వోర్డ్ అండ్ సోర్సరీ’కి వచ్చేసరికి ఈ-పుస్తకం కొనుక్కోవచ్చు. ఏ సంచిక తెరిచినా రెండో కథతో మొదలుపెట్టండి. మొదటి స్థానంలో సంపాదకులు పేరున్నవాళ్ళను కూర్చోబెడతారు, వాళ్ళ సంగతి మీకు ఎలాగూ తెలుస్తుంది.