గ్లాసు వేరు, ప్రేమ ఒకటే అంటే ఎలా?

ప్రశ్న: మా అమ్మ చాలా మంచిది. మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా పనికొస్తున్న అక్కంటే అమ్మకి ప్రాణం, ఆ అక్క కూతురి ఇంటర్ ఫీజు కూడా అమ్మే కట్టింది. కానీ టీ మాత్రం వేరే స్టీలు గ్లాసులో ఇస్తుంది, ఆ గ్లాసు పెరట్లో కుళాయి గట్టు మీద బోర్లించి ఉంటుంది. ఇది తప్పమ్మా అంటే సొంత మనిషిలా చూసుకుంటుంటే నాకే నీతులు చెప్తావా అని ఏడుపు. ఎలా చెప్పాలి?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అమ్మగారికి ఆ ప్రేమ నిజంగానే ఉందమ్మా, చిక్కంతా అక్కడే వచ్చింది. వివక్ష అనగానే మనకి కారంచేడు, చుండూరు గుర్తొస్తాయి, కొట్టేవాళ్ళు చంపేవాళ్ళు గుర్తొస్తారు, మనం అలాంటివాళ్ళం కాదు కదా, ఇంక మనకేం సంబంధం అనుకుంటాం. కానీ ప్రేమగా చూసుకుంటూనే ఎదుటి మనిషిని ఒక మెట్టు కింద ఉంచడం చాలా మామూలుగా జరిగిపోతుంది. పెళ్ళాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటా అనే మొగుడు ఇంటి కాగితాల మీద ఆవిడ పేరు పెట్టమంటే నీళ్ళు నములుతాడు చూడండి, ఇదీ అంతే. ఫీజు కట్టేటప్పుడు మీ అమ్మగారి చెయ్యి పైన ఉంది కాబట్టి ఏ ఇబ్బందీ రాలేదు, ఒకే గ్లాసు అనేసరికి ఇద్దరూ సమానం అయిపోతారు, దానికి మనసు ఒప్పుకోదు.

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో తిరుగుతూ కూడా మారలేదేంటి అని మీకు అనిపించొచ్చు. 1954లోనే గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ సైకాలజిస్టు దీని గురించి రాశాడు. రెండు వర్గాల వాళ్ళు పక్కపక్కన ఉన్నంత మాత్రాన దురభిప్రాయాలు పోవు, ఆ కలిసే చోట ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఇద్దరూ ఒకే పని కోసం చేతులు కలపాలి, పైవాళ్ళ మద్దతో చట్టం మద్దతో ఉండాలి అన్నాడు. మీ వంటింట్లో వీటిలో మొదటిదే లేదు, ఒకరు చెప్తారు, ఇంకొకరు చేస్తారు, అలా ఎన్నేళ్ళు గడిచినా ఎవరి మెట్టు మీద వాళ్ళే ఉంటారు. దీన్నే మాట్ లోవ్ అనే ఎకనామిస్టు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో క్రికెట్ పెట్టి చూశాడు. కొంతమంది కుర్రాళ్ళని వేరే కులాల వాళ్ళతో కలిపి ఒకే టీమ్‌లో వేశాడు, కొంతమందిని సొంత కులం టీమ్‌లోనే ఉంచి వేరే కులం వాళ్ళ మీద ఆడించాడు. ఒకే టీమ్‌లో కలిసి ఆడినవాళ్ళకి బయట కులాల ఫ్రెండ్స్ పెరిగారు, ఎదురెదురుగా ఆడినప్పుడు మాత్రం కలవడం ఇంకా తగ్గింది. మనిషి అదే, ఆట అదే, ఏ వైపు నిలబెట్టాం అన్న దాంట్లో ఉంది తేడా అంతా.

అందుకని అమ్మతో వాదన ఆపేయండి, తప్పు చేస్తున్నావు అన్న కొద్దీ ఆవిడ నేను మంచిదాన్నే అని నిరూపించుకోడానికే ఓపికంతా ఖర్చు పెడుతుంది. ఆ కుళాయి గట్టు మీది గ్లాసు తెచ్చి గిన్నెలతో పాటు తోమేసి రేపటి నుంచి మీరే అందులో టీ తాగండి, అక్కకి మీ గ్లాసులో పొయ్యండి, పెద్ద మాటలేం వద్దు. కాకపోతే ఇవన్నీ చేసేముందు ఆ అక్కని ఒకసారి విడిగా అడగండి. మీ ఉద్యమం మధ్యలో ఆమె పని పోతే నెల జీతం మీరివ్వలేరు కదా.

ప్రశ్న: ఈ రోజుల్లో ప్రైవేట్ కంపెనీల్లో కులం ఎవరు చూస్తున్నారు సార్? టాలెంట్ ఉంటే జాబ్. కులాన్ని రోజూ గుర్తుచేసేది రిజర్వేషన్లే.
– పాఠకుడు, మియాపూర్

జవాబు: చూస్తున్నారో లేదో లెక్క తీసినవాళ్ళు ఉన్నారు బాబూ. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు పేపర్లో పడిన ప్రైవేట్ ఉద్యోగాల ప్రకటనలకి వేల అప్లికేషన్లు పంపించి 2007లో ఫలితాలు బయటపెట్టారు. చదువు, అర్హత అన్నీ ఒక్కలాంటివే, పేరు ఒక్కటే మార్చారు. అగ్రకులం పేరుతో పోలిస్తే దళితుల పేరుకి పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడో వంతు తగ్గింది, ముస్లిం పేరుకైతే మూడో వంతు మాత్రమే మిగిలింది. ఇంటర్వ్యూ దాకా వెళ్తే కదా టాలెంట్ చూపించడానికి.

మీరన్న రెండో మాటలో, అదే గుర్తుచేయడం అన్న దాంట్లో, నిజం లేకపోలేదు గానీ అది మీరు అనుకున్న వైపు పోదు. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు క్లాసుల మగపిల్లలకి దారి కనుక్కునే పజిల్స్ ఇచ్చారు. ఎవరిది ఏ కులమో పైకి చెప్పనప్పుడు అందరూ దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పిల్లల పేరు, ఊరు, కులం చదివి మొదలుపెడితే దళితుల పిల్లల స్కోరు దాదాపు ఐదో వంతు పడిపోయింది. అదే బుర్ర, అదే పజిల్. ఇప్పుడు మన కాలేజీల్లో మొదటి రోజే "నీ ర్యాంకెంత, ఏ కేటగిరీ" అని అడిగే లెక్చరర్‌ని తలుచుకోండి. అక్కడ రిజర్వేషన్‌ని తిట్టుకుంటారా, ఆ అడిగిన నోటినా?

ప్రశ్న: చట్టాలతో మనసులు మారతాయా? మా ఊళ్ళో సర్పంచ్ సీటు లేడీస్‌కి వచ్చింది, సంతకం ఆవిడది, కుర్చీ ఆయనది.
– పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మన రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్ళవే, సర్పంచ్ గారి భర్తలు కూడా అన్ని మండలాల్లోనూ దొరుకుతారు, కాదనను. కానీ పశ్చిమ బెంగాల్‌ కథ వినండి. అక్కడ ఏ పంచాయతీ ప్రధాన్ పదవి, అంటే మన సర్పంచ్ లాంటిది, ఆడవాళ్ళకి వెళ్ళాలో లాటరీ లాగా పడేది, కాబట్టి రిజర్వు అయిన ఊళ్ళనీ కాని ఊళ్ళనీ పోల్చి చూడడానికి వీలైంది. బీర్భూమ్ జిల్లాలో ఒకే ప్రసంగాన్ని మగ గొంతుతో, ఆడ గొంతుతో రికార్డు చేసి వినిపిస్తే, ఆడ ప్రధాన్‌ని ఎప్పుడూ చూడని ఊళ్ళలో మగాళ్ళు ఆడ గొంతుకి తక్కువ మార్కులేశారు. చూసిన ఊళ్ళలో ఆ తేడా పోయింది. రెండుసార్లు రిజర్వు అయిన చోట తర్వాత సీటు జనరల్ అయినా ఆడవాళ్ళు ఎక్కువగా నిలబడ్డారు, గెలిచారు. తల్లిదండ్రులు కూతుళ్ళ చదువు గురించి ఆలోచించే తీరు కూడా మారింది. తమాషా ఏంటంటే "నాయకుడు ఎవరైతే బాగుంటుంది" అని సూటిగా అడిగితే ఆ మగాళ్ళు ఇంకా మగాడే అన్నారు. అంటే ఇష్టం మారలేదు, కానీ చేయగలరు అన్న లెక్క మారింది. ఒక్క టర్మ్‌కే తేల్చెయ్యకండి. గ్రామసభకి వెళ్ళి ప్రశ్న ఆయన్ని కాకుండా ఆవిడనే పేరు పెట్టి అడగండి, మొదట్లో ఆయనే సమాధానం చెప్తాడు, మళ్ళీ ఆవిడనే అడగండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర "పనివాళ్ళు, డెలివరీ బాయ్స్ ఈ లిఫ్ట్ వాడితే ఫైన్" అని బోర్డు పెట్టారు. నాకు సిగ్గుగా ఉంది, కానీ మీటింగ్‌లో ఒక్కణ్ణే లేచి మాట్లాడాలంటే భయం.
– పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీకు సిగ్గుగా ఉందంటే ఇంకో నలుగురికి కూడా ఉండే ఉంటుంది, వాళ్ళూ మీలాగే మిగతా అందరికీ ఇష్టమే అనుకుని నోరు మూసుకున్నారు. 1950ల్లో సోలమన్ ఆష్ అనే సైకాలజిస్టు గీతల పొడవు చెప్పే చిన్న టెస్టు పెట్టాడు, గదిలో ఉన్నవాళ్ళందరూ కావాలని తప్పు చెప్తే, కళ్ళెదుట కనిపించేది వదిలేసి చాలామంది వాళ్ళకే వంత పాడారు. అదే గదిలో ఒక్కడు, ఒకే ఒక్కడు సరిగ్గా చెప్తే ఆ వంత పాడడం బాగా పడిపోయింది. కాబట్టి మీటింగ్‌కి ముందు రోజే ఇద్దరు ముగ్గురి ఇళ్ళకి వెళ్ళి మాట్లాడుకుని రండి, మీరు లేవగానే రెండో చెయ్యి ఎవరిదో ముందే తెలిసుండాలి. పరిశుభ్రత అనే పాయింటు ఎలాగూ తెస్తారు, జిమ్ నుంచి చెమటతో దిగే మనవాళ్ళకి ఏ లిఫ్ట్ కేటాయిద్దాం అని మర్యాదగా అడగండి.